పాఠం అడగని బడి

మద్దిలేటి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు, పోయిన ఎండాకాలంలో జ్వరానికి చచ్చిపోయిన అన్న ఇంత తీరిగ్గా ఎట్లా కూర్చున్నాడని సుంకులమ్మకు అనిపించనే అనిపించదు, తానూ పక్కన చతికిలబడి ఒలుస్తోంది, కూర్చున్నది కళ్లమో, చిన్నప్పుడు అన్న చదివిన గుడ్డిపిల్లల హాస్టలు వరండానో తేలకుండా కింద నేల ఒకసారి మట్టిగా, ఒకసారి చల్లటి బండగా మారిపోతోంది.

అన్న పుట్టుకతోనే చూపు లేని మనిషి, ఈ కలలోనూ చూపు లేదు. సుంకులమ్మ కూతురు లావణ్యకూ మేనమామ పోలికే, చూపు లేకుండానే పుట్టింది. పిల్లను సోమవారం పట్నం తీసుకుపోయి ఆ హాస్టల్లోనే వేస్తానంటున్నాడు మొగుడు ఓబులేసు. అందరి పిల్లల మధ్యే పెరగనీ, ఒకటో తరగతిలో కుదురుగానే కూర్చుంటోంది కదా అంటున్నాడు ఊళ్లో బడి సారు. రెండు బళ్లలోనూ కూర్చున్నవాడు అన్న ఒక్కడే, బతికుండగా అడగాలని ఎవరికీ తట్టలేదు.

"న్నా, పాపను యాడ చదివియ్యాల?"

అతను తొందరపడడు. గింజ ఒకటి నోట్లో వేసుకుని, పుచ్చుదని ఉమ్మేసి, ఊరి బళ్లో అయ్యవారు నిన్ను కొట్టినాడా అని ఎదురు అడుగుతాడు. కొట్టకేం, ఎక్కం తప్పితే వీపు చిట్లేటట్టు వాయించేవాడంటుంది.

"నన్ను ఒక్కనాడూ కొట్టలే మే. పాఠం అడిగితే గదా కొట్టేది."

తన కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకుని, చేతిలో బెల్లంముక్క పెట్టి, ఆ అయ్యవారు ఏడాదంతా అతన్ని దేవుడి పటంలా చూసుకున్నాడట, ఊరంతా ఆయన్ను ధర్మాత్ముడందట. హాస్టలుకు పోయిన కొత్తలోనే, బ్రెయిలీ చుక్కలు తప్పు తడిమాడని తనలాంటి గుడ్డిపంతులే వేలి కణుపు మీద స్కేలుతో ఒకటిచ్చాడట.

"ఆ నొప్పికి నవ్వొచ్చింది మే. నన్నూ లెక్కలో ఏసుకున్నారనిపించింది."

అయితే హాస్టలే మేలంటావా అని ఆమె అడిగేలోపు వరండా కాస్తా వాళ్ల ఇంటి నడవ అయిపోతుంది, మద్దిలేటి లేచి చేతులు చాపి నడుస్తున్నాడు, చేతులకు ఏమీ తగలడం లేదు. సెలవులకు వచ్చిన ప్రతిసారీ, బిడ్డకు దెబ్బ తగులుతుందని అమ్మ రోలు ఒక మూలకూ గాదె ఇంకో మూలకూ జరిపేసేది, హాస్టల్లో పడుకుని ఇల్లంతా మనసులో తడుముకుంటూ గడిపినవాడు తీరా వచ్చి చెయ్యి చాపితే అక్కడ గాలి ఉండేది.

"చుట్టాన్నైపోతి మే మనింట్లో. ఆడ అచ్చరం దొరికె, ఈడ రోలు పోయె."

ఏడవాలని సుంకులమ్మకు తెలుస్తూనే ఉంది, ఏడుపు రాదు, చేతులు మాత్రం ఒలుస్తూనే ఉన్నాయి, పొట్టు మోకాళ్లు దాటి నడుము దాకా వచ్చినా బరువు అనిపించదు. ఏదో ఒకటి తేల్చి చెప్పమంటుంది.

"నన్నడిగితే నేనేం జెప్పేది? నాకు రెండుసోట్లా కొదవే." అతని గొంతు నడవ చివరి నుంచి వస్తోంది. "మీ సారు పిల్లోల్లను కొడతాడా?"

"ఇప్పుడు ఎవురినీ కొట్టకూడదంట న్నా."

"మంచిదే. మరి పాపకు సదువు సెప్తాండాడో, ఊరికే సాకుతాండాడో నీకెట్ల తెలుస్తాది?"

జవాబు కోసం ఆమె పొట్టులో వెతుకుతోంది, పొట్టు పలచబడి ఎండగా మారుతోంది, ఎండ కళ్లలో పడుతోంది.

మధ్యాహ్నం అన్నం తిని పెరటి గోడకు ఒరిగినది ఒరిగినట్టే నిద్రపోయిన సుంకులమ్మకు మెలకువ వచ్చింది. గోడకు అవతలే బడి. లోపల రెండో ఎక్కం ఒకరి తర్వాత ఒకరు ఒప్పజెబుతున్నారు. మహబూబ్‌బీ గొంతు పది రెళ్ల ఇరవై దగ్గర ఆగింది.

"లావణ్యా, నువ్వు కూచోమ్మా, అలిసిపోతావు," అన్నాడు సారు. ఎంతో ప్రేమగా అన్నాడు. "చరణూ, నువ్వు లెయ్."

చరణ్ మొదలుపెట్టాడు. సుంకులమ్మ లేచి, చీర కూడా దులుపుకోకుండా, గోడ మీదుగా తల ఎత్తింది.

"సారూ, దాన్ని గూడా అడగండి."

లోపల ఎక్కం ఆగిపోయింది.