సోమలింగం మామ కొత్త గొంతు

సోమలింగం లాంటి మామ పగవాళ్ళకు కూడా వద్దని సంధ్యారాణి అభిప్రాయం. పక్షవాతం తర్వాత మనిషి లేచి తిరుగుతున్నాడు, రొట్టె కాస్త మాడితే పక్కకు నెడుతున్నాడు. కొడుకు మోజుపడి కొనిచ్చిన టాబ్లెట్‌ను మాత్రం బోర్లా పెట్టి, దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకుంటున్నాడు.

జబ్బు పేరు అఫేసియా. మాట లోపలే ఉంటుంది, నోటికి అందదు. అందుకే ఆ టాబ్లెట్. బొమ్మ నొక్కితే మనిషి బదులు అదే మాట్లాడుతుంది. "నాకు దాహంగా ఉన్నది. దయచేసి మంచినీరు ఇవ్వగలరా?" అంటుంది. సూరత్‌లో జీవితమంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన సోమలింగం ఆ ఇంట్లో ఎన్నడూ 'దయచేసి' అన్న పాపాన పోలేదు.

"బాపుకు ఏం సమజైతలేదు," అని తేల్చేశాడు కొడుకు శ్యాంసుందర్. "ఆ మాటల క్లాసు బంద్ చేద్దాం. ఊకె తిప్పుడెందుకు?"

ఆ స్పీచ్ థెరపీ క్లాసున్న రోజు ఒక్కటే మామ తనంతట తాను చొక్కా గుండీలు పెట్టుకునేది. అదీ పోతే మామ ఇక గోడకు తగిలించిన క్యాలెండరే.

సమజ్ కాని మనిషికి కోడలు టీవీ ఛానల్ మార్చగానే అంత కోపం ఎందుకొస్తుంది? సంధ్యారాణి డిగ్రీ చదివింది. జవాబు లేని ప్రశ్న దొరికితే పొయ్యి మీద పప్పు మాడినా ఆమెకు పట్టదు.

ఆదివారం సూరత్‌లోని పాండేసర నుంచి లింగమూర్తి వచ్చాడు. మామతో ఒకే షెడ్డులో పనిచేసినవాడు. నోరు తెరవలేదు. మామ భుజం తట్టి, ముఖం తిప్పేదాకా ఆగి, బొటనవేలు పెదవికి ఆనించాడు. మామ ఎడమ చేతి వేళ్ళు రెండు లేచాయి. గుమ్మంలో నిలబడ్డ సంధ్యారాణికి తెలిసేలోపే రెండు చాయ్‌లు ఖాయమైపోయాయి. ఆపైన ఇద్దరూ చేతులతో ముచ్చట్లు పెట్టి పడీపడీ నవ్వుకున్నారు.

"ఇదేం భాష కాకా?"

"భాష ఏంది బిడ్డా! సాంచాల కాడ చెవు పక్కన తుపాకి పేలినా వినరాదు. ముందుగాల భుజం తట్టాలె, మొఖం చూడాలె, ఒక్క ముచ్చట చెప్పి ఆగాలె. మీరిద్దరు, మీ టీవీ, ముగ్గురు ఒక్కపారే లొల్లి పెడ్తరు."

బొమ్మలు మార్చుకోవచ్చని క్లాసులో మేడం ఎప్పుడో చెప్పింది. విన్నదెవరు? సంధ్యారాణి లింగమూర్తి చేతి సైగలన్నీ ఫొటోలు తీసి టాబ్లెట్‌లోకి ఎక్కించింది. రికార్డు చేసిన గొంతు కూడా ఆయనదే, బీడీ గరగరతో సహా. మామ చాయ్ గ్లాసు తీసి కింద పెట్టి, టాబ్లెట్‌ను తనవైపు లాక్కున్నాడు.

సాయంత్రం శ్యాంసుందర్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "క్లాసు బంద్ అని మేడంకు చెప్పేస్తున్న."

"నాకెందుకు చెప్తున్నరు? పోయేటాయన అక్కడ కూసున్నడు. భుజం తట్టి అడుగున్రి."

"అడిగితే మాత్రం..."

"తట్టున్రి."

తట్టాడు. ఆగడం అతని ఒంట్లో లేని గుణం. భార్య కళ్ళు చూసి ఆగాడు. తండ్రి ముఖం తిరిగింది.

"బాపూ, క్లాసు బంద్ చెయ్యాల్నా?"

సోమలింగం వేలు తెర మీద తడబడింది. ఒక బొమ్మ దాకా పోయి వెనక్కొచ్చింది. ఎవరూ మాట అందించలేదు. చివరికి నొక్కాడు.

"నడవనియ్యి!" అని అరిచింది లింగమూర్తి గొంతు.

అంతటితో ఊరుకున్నాడా? కొడుకును ఎగాదిగా చూసి, మీసం మెలేస్తున్న చేతి బొమ్మ నొక్కాడు. షెడ్డులో యజమాని వస్తున్నాడని చెప్పే సైగ అది.

"మాలిక్ అచ్చిండు, జర పనిల పడున్రి!"

సోమలింగం భుజాలు నవ్వుతో ఊగిపోయాయి. సంధ్యారాణి కొంగు నోట్లో కుక్కుకుంది.

శ్యాంసుందర్ ఫోన్ జేబులో వేసుకుని, తండ్రి ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"నీకు సమజైతలేదనుకున్న బాపూ. తప్పు నాదే."