బావమరిది మెడ

సెలూనాయన చెయ్యి వణికింది. అదీ కత్తి ఒకరి గొంతు మీద ఉండగా. కళ్ళు మూసుకుని కూర్చున్న గిరాకీకి తెలియలేదు గానీ, ఆయన గుండె జారిపోయింది. వాళ్ళ నాన్నకూ ఇలాగే మొదలై, చివరికి ముద్ద నోటిదాకా వెళ్ళకుండా పోయింది. వణికే చేతికి మెడ ఎవరప్పగిస్తారు?

ఆ రోజు నుంచి జుట్టు కత్తిరింపులతోనే సరిపెట్టాడు. గడ్డానికి ఎవరొచ్చినా "కత్తి సానకిచ్చాను" అని తప్పించుకుని, ఆ అబద్ధానికి దేవుడి పటం ముందు లెంపలేసుకునేవాడు.

మూడో రోజు చేతిలో టీ కప్పు సాసర్ మీద గలగలలాడుతుంటే భార్య పట్టేసింది. మారుమాట లేకుండా ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

బరువు తగ్గడానికి మూడు నెలలుగా ఆయన వారానికో సూది వేయించుకుంటున్నాడు. ఆ సూది వేసే నర్సమ్మే ముందుగా అడిగింది.

"నిన్న ఏం తిన్నారు?"

"రెండు టీలు, రెండు బిస్కెట్లు," అన్నాడు కాస్త ఛాతీ విరిచి. "ఆకలే వెయ్యదమ్మా. ఇదివరకు ఒక్కపూట ఉపవాసానికే ప్రాణం లాగేసేది. ఇప్పుడు రోజూ ఉపవాసమే. అంతా ఆయన దయ."

"మధ్యలో దేవుణ్ణెందుకు ఇరికిస్తారు? ఆకలి తగ్గించింది మందు. తిండి మానేసింది మీరు!"

"చూడమ్మా, ఎంత గొప్పగా చెప్తున్నాడో," అంది భార్య. "'కడుపు నిండిందే' అంటుంటే బయట మెక్కి వస్తున్నాడనుకున్నాను."

డాక్టరు చేతులు చాపించాడు, నడిపించాడు, రక్తం పరీక్ష చేయించాడు. నరాల జబ్బేమీ లేదన్నాడు. ఒంట్లో సరిపడా తిండీ, నీళ్ళూ లేకే ఈ వణుకన్నాడు.

"కొంచెమే తినండి, కానీ మూడు పూటలా తినండి. ముందు గుడ్డో, పప్పో, పెరుగో. తర్వాతే అన్నం. ఆకలి వేసేదాకా ఆగకండి, గడియారం చూసి తినండి. దాహం లేకపోయినా నీళ్ళు తాగండి."

ఇంటిదారి పట్టాక సెలూనాయన ఆలోచనలో పడ్డాడు. ఆకలి లేకపోవడమే వరమనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆకలి కూడా పైవాడు పంపే కబురేనేమో! ఆ కబురు రానప్పుడు తనే గుర్తుపెట్టుకోవాలేమో.

పది రోజులు గడియారం చూసి తిన్నాడు. ఒంట్లోకి సత్తువ వచ్చింది గానీ, కత్తి పట్టాలంటే భయం పోలేదు. పదకొండో రోజు బావమరిది వచ్చి కుర్చీలో వెల్లకిలా వాలాడు.

"కానీ బావా."

"తెగితే?"

"మా అక్కకి నువ్వే చెప్పుకోవాలిగా. అదే నా ధీమా."

ఆయన నురగ పట్టించాడు. కత్తి తెరిచాడు. చెవి కింద నుంచి గొంతుదాకా ఒక్క గీత. తర్వాత ఇంకోటి. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు.

"బావా, ఏడుస్తున్నావా?"

"సబ్బు పడింది కంట్లో."

"సబ్బు నా మొహం మీద కదా ఉంది?"

"నోరు మూసుకుని పడుకో. కదిలితే తెగుతుంది."