దుప్పట్ల సొలాంజ్

చివరి దుప్పటి మెషిన్లోంచి బయటికి లాగేసరికి సొలాంజ్ చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. ఒక కొసను గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారజాపి, దుప్పటిని మధ్యకు మడిచింది. ఇద్దరు మనుషులు చెయ్యాల్సిన పని అది. ఆమెకు గడ్డమే రెండో మనిషి. ఆ గది ఒకప్పుడు రోక్‌సెల్ ఊరంతా రొట్టెలు కాల్చుకున్న పొయ్యిల్లు. పొయ్యి నోట్లో ఇప్పుడు సబ్బుపొడి డబ్బాలున్నాయి. గోడల మసి మాత్రం పోలేదు. ఉతికిన గుడ్డ గోడకు తగిలిందంటే మళ్ళీ ఉతకాల్సిందే. అందుకని ఆమె అక్కడ మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని తిరుగుతుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, వీధిలో కూడా అలాగే నడుస్తుంది.

అరవై దాటింది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. జుట్టు తనే కత్తిరించుకుంటుంది కాబట్టి ఎడమవైపు ఎప్పుడూ కాస్త పొడవు. పెళ్ళి కాలేదు. లోయలోని పోస్టుమాన్ ఒకాయన ఆదివారాలు కొండెక్కి వచ్చేవాడు, ఒకప్పుడు. అతను పైకొచ్చి ఉండనన్నాడు, ఈమె కిందికి దిగనంది. ఎవరూ ఏడవలేదు. లోయలోనే మేజోళ్ళ ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్ళూ బస్సులో పోయి పనిచేసింది. అది మూతపడ్డాక, ఎండాకాలం అద్దెకిచ్చే ఇళ్ళకు దుప్పట్లు ఉతికిపెట్టే పని దొరికింది. అప్పట్నుంచీ దుప్పట్ల సొలాంజ్ అంటేనే అందరికీ తెలుస్తుంది.

ఆ రోజు శనివారం. పాత అద్దెవాళ్ళు పొద్దున దిగిపోతారు, కొత్తవాళ్ళు సాయంత్రానికి ఎక్కుతారు. ఆ మధ్యలో పక్కలన్నీ మారాలి. ఊరంతా కొండ మీది పాత కోట గోడల లోపలే ఉంది. ఆ కోట గుమ్మం లోపలికి కారు పట్టదు. కట్టినవాళ్ళు గాడిదల కొలతకు కట్టారు. అంచేత ఏదైనా ఒంటిచక్రం బండిలో తోసుకెళ్ళాల్సిందే.

గుమ్మం దగ్గర రొట్టెల వ్యాను హారన్ మోగింది. సొలాంజ్ చేతులు తుడుచుకుని వెళ్ళింది. వ్యాను నడిపే జిల్బెర్త్ వెనక తలుపులు తెరిచి, నడుము మీద చేతులేసుకుని నిలబడింది. ఆమె ముందు అప్పటికే ఎమిలియాన్ ఉన్నాడు. ఎమిలియాన్ సొలాంజ్‌కు అన్న. నాలుగేళ్ళు పెద్ద. పొడుగ్గా, కొద్దిగా ముందుకు వంగి, ఎండాకాలంలో కూడా ఉన్ని టోపీ పెట్టుకుని ఉంటాడు. ఊరి వీధులు ఊడ్చి, రాళ్ళు సరిచేసి, కాలవలు తీసి, పింఛను పుచ్చుకున్న మనిషి. ఇద్దరి ఇళ్ళూ ఒకే సందులో ఎదురెదురు. కిటికీల్లోంచి చేతులు చాపితే వేళ్ళు తగులుతాయి. ఇద్దరికీ మాటల్లేక ఇరవై ఏళ్ళ పైమాటే.

"జిల్బెర్త్, పోస్టాఫీసు మలుపులో రాయొకటి లేచింది. బండి తోసుకెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు," అన్నాడు ఎమిలియాన్, రొట్టె చంకలో పెట్టుకుంటూ.

"బండి తోసేవాళ్ళు ఈ ఊళ్ళో పదిమంది లేరు. ఉన్న ఒక్కతీ నీ పక్కనే నిలబడింది. నువ్వే చెప్పు."

ఎమిలియాన్ లోయ వైపు చూశాడు.

"బెంచీ మీద కూచుని ఫొటోలు దిగే పెద్దమనిషి ఉన్నాడుగా," అంది సొలాంజ్, జిల్బెర్త్ భుజం మీదుగా. "తీరిగ్గానే ఉంటాడు. వెళ్ళి కూరి పెట్టమను."

"నాకు రొట్టెలమ్మడం చాలమ్మా. మీ ఇద్దరి కబుర్లు కూడా మొయ్యలేను," అంది జిల్బెర్త్.

ఎమిలియాన్ ముక్కులోంచి నవ్వినట్టు గాలి వదిలాడు. టోపీ సర్దుకుని పైకి నడక సాగించాడు. మామూలు కంటే నెమ్మదిగా వెళ్ళాడని జిల్బెర్త్ తర్వాత అందరితో అన్నది. సొలాంజ్ మాత్రం అటు చూడలేదు.

గొడవ అక్రోటు చెట్ల గురించి. గుమ్మానికి దిగువన, ఇప్పుడు కార్లు నిలిపేచోట, వాళ్ళ తోట ఉండేది. చలికాలం రాత్రుళ్ళు వాళ్ళమ్మ పొయ్యి ముందు కూచుని, చెక్క సుత్తితో కాయలు కొడితే పిల్లలిద్దరూ పప్పు ఏరేవాళ్ళు. విరగని పప్పు నూనెకు వెళ్ళేది, విరిగింది వాళ్ళ నోట్లోకి వెళ్ళేది. అందుకని ఎమిలియాన్ చాటుగా విరగ్గొట్టి చెల్లెలి గౌను జేబులో పోసేవాడు. అమ్మ పోయాక, చూడవచ్చే జనం పెరిగి కార్లు గుమ్మానికి అడ్డం పడుతున్నాయని పంచాయితీ ఆ తోట అడిగింది. ఇద్దరూ ఒప్పుకునే అమ్మారు. చెట్లు ఉంచమని మాత్రం సొలాంజ్ అడిగింది. వేళ్ళు తారును పగలగొడతాయి, కుదరదన్నారు పంచాయితీ వాళ్ళు. కొట్టే పని ఊరి పనివాడిది. ఊరి పనివాడు ఎమిలియాన్.

చెట్లు కొట్టే ముందురోజు సొలాంజ్ సందు దాటి వాళ్ళింటికి వెళ్ళింది. ఎవరితోనైనా కొట్టించమను, నువ్వు మాత్రం కొట్టకు అని అడిగింది. వేరేవాడైతే అడ్డదిడ్డంగా కొట్టి చెక్క పాడుచేస్తాడు, నేనైతే మొదలంటా శుభ్రంగా తీస్తాను అన్నాడు అతను. తీశాడు కూడా. తొందరపడి దెబ్బ మీద దెబ్బ వెయ్యకుండా, ఒక్కో చెట్టునూ నెమ్మదిగా, అమ్మ నాటిన వరసలోనే పడుకోబెట్టాడు. సొలాంజ్ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ సాయంత్రం అతను పిలిస్తే కిటికీ తలుపు వేసింది.

తర్వాత అదొక అలవాటు. కోపం ఏనాడో ఆరిపోయింది. మళ్ళీ మాట్లాడటం మొదలెట్టడానికి మొదటి మాటేదో ఇద్దరికీ తట్టలేదు, అంతే. చప్పుళ్ళతో ఒకరినొకరు తెలుసుకునేవాళ్ళు. కుర్చీ లాగిన చప్పుడు, దగ్గు, రేడియోలో వాతావరణం, గిన్నె అడుగున చెంచా. అతనికి జ్వరమొస్తే ఆమెకు ఆ రాత్రే తెలిసేది. పొద్దున జిల్బెర్త్‌తో, ఎవరికైనా కావాలేమో, ఉల్లిపాయల సూపు మిగిలిపోయింది, గడప మీద పెట్టాను అనేది. గిన్నె కడిగి తిరిగొచ్చేది.

మొదటి విడత బండి తోసుకుని సొలాంజ్ పైకి బయల్దేరింది. గుండ్రాళ్ళు పరిచిన సందు, అరిగి అరిగి నున్నగా మెరుస్తోంది. పోస్టాఫీసు మలుపులో రాయి నిజంగానే లేచింది. పక్కనుంచి తిప్పింది. ఎండకు సున్నపురాతి గోడలు అప్పుడే వేడెక్కాయి. గంటగోపురం చుట్టూ నల్ల పిట్టలు కీచుమంటూ తిరుగుతున్నాయి. చర్చి ముందు బెంచీ మీద ఎమిలియాన్ కూచున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు అతన్ని ఫొటో తీసుకోవచ్చా అని సైగ చేస్తున్నారు. అతను టోపీ వెనక్కి నెట్టి, గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టాడు. దుకాణంలో ఈ గోపురం బొమ్మల పక్కన అతని బొమ్మ కార్డు కూడా అమ్ముతారు. సొలాంజ్ చక్రం వైపు చూస్తూ దాటిపోయింది.

డచ్చి వాళ్ళ ఇల్లు, ఆ పైన డాక్టరు ఇల్లు, బురుజు పక్కన చిన్నిల్లు. పక్కలన్నీ వేసి, తడి తువ్వాళ్ళు పోగుచేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది. చల్లటి సూపు, మేక జున్ను. పళ్ళెం అడుగున మిగిలిన సూపులో కాస్త ఎర్ర వైన్ పోసుకుని, వాళ్ళ నాన్న లాగే పళ్ళెం ఎత్తి తాగింది. ఎదురు కిటికీలోంచి చెంచా చప్పుడు వినబడలేదు. ఎవరో భోజనానికి పిలిచి ఉంటారనుకుంది. ఎవరు పిలుస్తారు అని కూడా అనుకుంది. ఈలోగా మెషిన్ ఆగిపోయే వేళయిందని లేచింది.

రెండో విడత తోసినప్పుడు అతను బెంచీ మీదే ఉన్నాడు. ఎప్పటిలాగే కంటి కొసకు బూట్లు మాత్రం కనబడ్డాయి. బూట్ల ముందు ఎవరో మోకాలి మీద కూచుని ఫొటో తీస్తున్నారు. ఆమె దాటిపోయింది.

మూడో విడతకు ఎండ పడమటి కప్పుల మీదికి వాలింది. చర్చి ముందుకొచ్చేసరికి బండికి ఏదో అడ్డమొచ్చినట్టు తల ఎత్తింది. బెంచీ చేతికి ఒక గొడుగు కట్టి ఉంది. ముసలాయన నిద్రపోయాడనుకుని దారినపోయేవాళ్ళెవరో నీడ పట్టి వెళ్ళారు. కానీ అది కట్టినప్పటి ఎండకు సరిపోయిన నీడ. ఇప్పుడది బెంచీ అవతల, నేల మీద పడుతోంది. ఎమిలియాన్ మొహం పూర్తిగా ఎండలో ఉంది. అతను నీడతో పాటు బెంచీ ఈ కొస నుంచి ఆ కొసకు జరిగే మనిషి. తోటలో పనిచేసే రోజుల్నుంచీ అంతే.

సొలాంజ్ బండి ఆపింది. కర్రకాళ్ళు రాళ్ళ మీద సరిగా ఆనేదాకా పట్టుకుంది. చుట్టూ చూసింది. జిల్బెర్త్ లేదు, చెప్పించడానికి ఎవరూ లేరు.

"అన్నయ్యా," అంది. "ఎండ మొహమ్మీదికొచ్చింది. అటు జరుగు."

అతను జరగలేదు. తర్వాత అతని పక్కన కూచుంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉంది, ఎండకు. కానీ వేళ్ళు మడత పడలేదు. అప్పుడు టోపీని కళ్ళ మీదికి దించింది. అంతకంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

గోపురం బొమ్మ తీసుకుంటున్న ఒకాయన, మీ ఇద్దరినీ కలిపి తియ్యనా అని నవ్వుతూ అడిగాడు. వద్దండి, అంబులెన్సుకు ఫోను చెయ్యండి అంది.

లోయనుంచి అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరు భుజాన వేసుకుని కాలినడకన ఎక్కివచ్చారు. భోజనాల వేళకే పోయి ఉంటాడని నర్సు చెప్పింది. బాధ పడినట్టు లేదంది. సొలాంజ్ తలూపింది. రెండో విడత సంగతి నర్సుతో చెప్పలేదు, ఆ తర్వాత ఎవరితోనూ చెప్పలేదు. అతన్ని కప్పడానికి వాళ్ళు తెచ్చిన గుడ్డ పొట్టిదయింది. ఆమె బండిలోంచి ఉతికిన దుప్పటి ఒకటి తీసి విదిల్చింది. ఈసారి రెండో కొస పట్టుకోవడానికి నర్సు ఉంది. ఇద్దరూ కలిసి కప్పారు. పోస్టాఫీసు మలుపులో రాయి లేచింది, జాగ్రత్తగా దించండని మోసేవాళ్ళకు చెప్పింది. గుమ్మం దాకా వెనకే నడిచింది.

తిరిగొచ్చేసరికి కొత్త అద్దెవాళ్ళు డాక్టరు ఇంటి ముందు పెట్టెలతో నిలబడి ఉన్నారు. ఒక దుప్పటి తక్కువైంది. ఇంటికెళ్ళి తన పక్క మీది దుప్పటి తీసుకొచ్చి వాళ్ళకు వేసింది. దిండ్లు తట్టింది, కిటికీలు తెరిచింది, మంచినీళ్ళ కుళాయి ఎటు తిప్పాలో చూపించింది. లోయ ఎంత బావుందో అన్నారు వాళ్ళు. అవునంది.

ఖాళీ బండి తోసుకుంటూ దిగుతుంటే చర్చి ముందు ఎవరూ లేరు. కార్లన్నీ ఒక్కొక్కటే దిగిపోతున్న చప్పుడు కింద నుంచి వినిపిస్తోంది. సొలాంజ్ బెంచీ దగ్గర ఆగి, గొడుగు ముడి విప్పబోయి, కట్టినవాళ్ళు వెతుక్కుంటూ వస్తారేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది. చవకరకం మడత గొడుగు, లేత పసుపు మీద తెల్లపూలు, ఒక ఊచ వంగిపోయింది. పిడిని ఎవరో తలకు కట్టుకునే నీలం రిబ్బనుతో, జారకుండా రెండు ముళ్ళు వేసి బెంచీకి కట్టారు. పొద్దుగూకాక కూడా దాని గుడ్డ ఇంకా వెచ్చగానే ఉంది.