జత కుదరని నూకాలు

"ఫలితం నచ్చలేదని పరీక్ష మారుస్తావా, జ్యోతిర్మయీ?" అన్నారు మా గైడ్ శ్రీరామ్మూర్తి గారు.

మార్చింది ఆయన. బొగ్గు యార్డు వచ్చాక, జాలరిపేటలో చేపలు ఎండబెట్టే ఒక్కొక్క స్త్రీకి ఊపిరి తగ్గిందా? ఇదీ నా ప్రశ్న. యార్డు రాకముందు నలభై మందిచేత ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించాను. రెండేళ్ల తరువాత ఆయన పంపిన సిబ్బంది మళ్లీ ఊదించారు. ఎవరి ఊపిరిని వారి పాత ఊపిరితోనే పోల్చే జతల పరీక్ష చేయాలని మొదటి రోజే రాసుకున్నాం. ఆయన మాత్రం రెండు జాబితాలనూ సంబంధం లేని రెండు గుంపులుగా లెక్కించారు. మనిషికీ మనిషికీ మధ్య సహజంగా ఉండే తేడాలో ఒక్కొక్కరి నష్టం మునిగిపోయింది. తేడా ఉన్నట్టు ఆధారం లేదని రాశారు.

"జాబితాలో పదకొండు మంది నూకాలులు. ఎవరికి ఎవరిని జతచేస్తావు?" అన్నారాయన.

నా కోపం రెట్టింపయింది. ఇంటిపేర్లు రాయనిది నేనే.

మర్నాడు గంగాలమ్మ దగ్గరికి వెళ్లాను. ఆ నలభై మందిలో ఆమె ఒకరు. విషయం విని చేతిలోని చేపను తట్టలోకి విసిరింది.

"నన్ను నాతో సూడకుండా ఊరందరితో కలిపేత్తారేటి? సదూకున్నోలేనా మీరు?"

"పేర్లు కలిసిపోయాయమ్మా."

"పేర్లు కలిత్తే మనుసులు కలిసిపోతారేటి? సదువు."

వయసూ ఎత్తూ చదివాను. "అది పొట్టి నూకాలు. ఇది నోరెక్కువ నూకాలు, మీ గొట్టం పేలిపోనేదా?" పది జతలు కుదిరాయి. పదకొండో నూకాలుకు మొదటి జాబితాలో యాభై ఎనిమిదేళ్లు, రెండో దానిలో ఇరవై రెండు.

"ఇది కోడలు, పాపా. అత్త ఆయాసంతో పోయి ఏడాదయింది. నలభైమంది నిండలేదని మీవోల్లే దీన్ని ఊదమన్నారు. పేరొకటే కదా అన్నారు."

గుంపుల లెక్కలో ఈ మోసం ఎవరికీ కనబడదు. నా ఒళ్లు మండిపోయింది.

"అత్తకి సున్నా రాయి" అంది గంగాలమ్మ. "ఊపిరి నేదు కదా."

కొలవనిదానికి అంకె వేయకూడదన్నాను.

"అయితే మీకాడ బతికున్నోలకే లెక్క" అని లేచి వెళ్లిపోయింది. ఆ కోపానికి నేను అర్హురాలినే.

ముప్ఫై తొమ్మిది జతలతో పరీక్ష చేశాను. కాకతాళీయమని తోసిపుచ్చలేనంతగా ఊపిరి తగ్గింది. ఫలితం కన్నా ముందు, నలభయ్యో జత ఎందుకు లేదో, అందులో నా తప్పెంతో రాశాను.

"ఆ పేరా తీసేయి, సంతకం పెడతాను" అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

తీయనన్నాను. నివేదిక నా ఒక్క సంతకంతోనే వెళ్లింది.