అడ్రస్ ఒక్కటే కరెక్టు

తీసుకోని అప్పు కట్టమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పూర్ణిమకు మాత్రం ఒళ్లు చల్లబడింది. కుట్టుమిషను కోసం లోనడిగితే, "మీ పేరు మీద బండి లోను ఉందమ్మా, ఎనిమిది కిస్తీలు కట్టలేదు" అని బ్యాంకులో ఆమె క్రెడిట్ రిపోర్టు తీసి చేతిలో పెట్టారు. నడపడం అటుంచి, బండి వెనక కూర్చోవాలన్నా భయపడే మనిషి ఆమె.

ఆ బండి ఎవరు నడుపుతున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. పది నెలల కిందట నారపల్లిలో మొగుడు దామోదర్ తన చెయ్యి విరగ్గొడితే కట్టుబట్టలతో బయటపడి, నాచారంలో గది తీసుకుంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. పుట్టింటివాళ్లకు కూడా అడ్రస్ చెప్పలేదు. చెబితే సర్దుకుపొమ్మని ఆయన్నే వెంటబెట్టుకొస్తారు. ఆమె పాన్ కార్డు, ఫొటోలు ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయాయి. షోరూంలో తెలిసినవాడుంటే సంతకం ఎవరు పెడితేనేం!

కంపెనీలో సగం రోజు సెలవు పెట్టి, ఉప్పల్‌లో నెట్ సెంటర్ నడిపే అనంతలక్ష్మి దగ్గరికి వెళ్లింది. అనంతలక్ష్మి కళ్లజోడు పైకి తోసుకుని రిపోర్టంతా చదివింది.

"ఫికర్ జెయ్యకు. తప్పులున్నయని ఆన్‌లైన్‌ల కంప్లైంట్ పెడదాం. నెల రోజులల్ల జవాబు ఇయ్యాలె వాళ్లు. ఒక్కొక్కటి చదువుత, తప్పా ఒప్పా చెప్పు. బండి లోను?"

"తప్పు."

"ఫోన్ నంబరు, ఆఖరుకు నాలుగు సున్నా ఏడు?"

"నాది కాదక్కా. ఆయనది."

"అడ్రస్?" అని, అనంతలక్ష్మి ఇంగ్లీషులో ఉన్నదాన్ని నెమ్మదిగా చదివింది. "రెండో అంతస్తు, ఈరమ్మ పిండిగిర్ని పైన, నాచారం. ఇదీ తప్పేనా?"

పూర్ణిమ కాగితం మీదికి వంగింది. రిపోర్టు నిండా అబద్ధాలే, ఈ ఒక్క ముక్క తప్ప. "అది నేనుండే గదే అక్కా. ఎవ్వలకు చెప్పలే. అది గిండ్లకు ఎట్ల వచ్చింది?"

"బండి ఫైనాన్సోళ్లు ఎక్కిచ్చిన్రు. పోయిన నెల మూడో తారీకు. మనిషి గీడ ఉంటదని వాళ్లకు ఎవడో చెప్పిండు." అనంతలక్ష్మి కాగితం పక్కన పెట్టింది. "ఆధార్‌ల అడ్రస్ మార్పిచ్చినవా?"

"గ్యాస్ కోసం మార్పిచ్చిన."

"దానికి ఫోన్ నంబరు ఎవరిది ఉండె?"

"పెండ్లయిన కొత్తల ఇంట్ల ఒక్కటే ఫోన్ ఉండె. ఆయనదే ఇచ్చిన."

ఇంట్లో ఎన్ని తలలున్నా కాగితాల మీద మొగాయన నంబరే రాయించడం మనకు అలవాటు. మార్చిన మరుక్షణం కబురు ఆయన ఫోన్‌కే పోయుంటుంది. ఆ నంబరుకొచ్చే ఓటీపీతో కొత్త ఆధార్ కార్డు దింపుకుని చూడటం ఎంతసేపు? పూర్ణిమ పోయిన నెల మూడో తారీకు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టింది. నలభై రోజులు. అన్నాళ్లూ తలుపుకు రెండు గడియలు పెట్టుకుని, ఎవరికీ తెలియదన్న ధైర్యంతో పడుకుంది. తెలిసీ ఆయన ఎందుకు రాలేదు? వచ్చి కొట్టే మొగుడి సంగతి ఆమెకు తెలుసు. రాకుండా ఆగిన మొగుడు ఆమెకు కొత్త.

ఇంటామె ఈరమ్మకు ఫోన్ చేసింది.

"అవ్వా, నా కోసం ఎవరన్న వచ్చిన్రా?"

"ఎవ్వలు రాలే బిడ్డా. ఏమైంది?"

"కొత్తోళ్లు ఎవరన్న తిరుగుతున్రా?"

"కొత్తోళ్లా..." గిర్ని చప్పుడులో ముసలామె గొంతు పెంచింది. "గా జొన్నల పిలగాడొక్కడే. నెల నుంచి వారం వారం రెండు కిలోలు పట్టిచ్చుకపోతడు. మస్తు మంచోడు. పిండి అయినంక గూడ జరసేపు బల్ల మీద కూసుంటడు. నీ గురించి ఏం అడగలే. పైన ఒక్క ఆడపిల్ల ఉంటదని నేనే మాటల్ల చెప్పిన. ఈడనే కూసున్నడు, ఫోన్ ఇయ్యాల్నా పూర్ణిమా?"

వెనక నుంచి ఆమెకు బాగా తెలిసిన మగగొంతు, చాలా నెమ్మదిగా వినిపించింది. "వద్దవ్వా. తొందరేం లేదు, రానియ్."

పూర్ణిమ ఫోన్ పెట్టేసింది. వెంటనే స్విచాఫ్ చేసింది. అనంతలక్ష్మి అడగకుండానే గ్రహించి, లేచి షట్టర్ సగం దించింది.

"నువ్వు ఆడికి పోవద్దు. ముందు ఠాణాకు పోదాం, నేను గూడ వస్త. సామాన్ల సంగతి తర్వాత సూద్దాం."

"ఫారం పూర్తి జెయ్యక్కా." ఆ గొంతు తనదేనా అని పూర్ణిమకే అనుమానం వచ్చింది. "అడ్రస్ గూడ తప్పని పెట్టు."

"నీ ఇల్లే గద?"

"ఇయ్యాల పొద్దుగాల దాంక నాదే."

అనంతలక్ష్మి తప్పని నొక్కింది. సరైన అడ్రస్ రాయమంటూ కింద ఇంకో గడి తెరుచుకుంది. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టి, చెప్పమన్నట్టు తలెత్తి చూసింది. ఆ గడిలో రాయడానికి పూర్ణిమకు ఇంకే అడ్రస్ లేదు.