ఖాళీ గిన్నెలు

ఓస్వాల్దో మీద ఎల్విరాకి అనుమానం ఊరికే పుట్టలేదు లెండి. తుకుమాన్ ఊళ్ళోని ఓ ప్రయోగశాలలో ఆమె ఎలుకలవి రెండు వరుసలు. అన్నిటికీ క్యాన్సర్ పుట్టించే మందు ఎక్కించింది. ఒక వరుసకి పంది కొవ్వు కలిపిన మేత, రెండోదానికి చేప నూనె కలిపిన మేత. కొవ్వు తిన్నవాటికి బోలెడు గడ్డలు, చేప నూనెవాటికి దాదాపు లేవు. ఎగిరి గంతేయాల్సిన ఫలితమే. కానీ ఆ చేప నూనె ఎలుకలు రోజురోజుకీ చిక్కిపోతున్నాయి. గిన్నెలు చూస్తే సాయంత్రానికి ఖాళీ! తింటే చిక్కుతాయా? ఎవడో మేత కాజేస్తున్నాడు. పక్క గదిలో మొక్కజొన్న నూనె మీద పనిచేసే ఓస్వాల్దో తప్ప అటు వచ్చేదెవరు? అసలే పక్కవాళ్ళు బాగుపడితే ఓర్వలేని మనిషి.

ఉత్త ప్రయోగమే అయితే ఆమెకి ఇంత మండేది కాదు. ఇంట్లో అక్క నెలిదాకి రొమ్ము క్యాన్సర్. చెల్లెలి మాట నమ్మి, మందులతో పాటు పూటపూటా చేప నూనె తాగుతోంది.

మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ ఎల్విరా ఇంటికి వెళ్ళినట్టే వెళ్ళి, తిరిగొచ్చి తలుపు చాటున నిలబడింది. ఓస్వాల్దో రానే వచ్చాడు. ఒక్కో గిన్నె తీసి మేతంతా చెత్తబుట్టలోకి గీకేశాడు.

"దొరికావురా దొంగా!"

"ఓరి దేవుడో! గుండె ఆగినంత పనైంది. దొంగేంటే?"

"నా ఎలుకల కడుపు మాడుస్తున్నావ్!"

"నేను మాడ్చడమేంటి తల్లీ, అవే ముట్టట్లేదు. ఈ ఎండకి మధ్యాహ్నానికల్లా నూనె కంపెక్కుతోంది. నా గదిలో కూర్చోలేక పారేస్తున్నా."

"నాతో చెప్పొచ్చుగా!"

"మాతే టీ తాగేటప్పుడల్లా చెప్తూనే ఉన్నా, నీ గది కంపని. ఎగతాళనుకుని నవ్వేదానివి."

ఎల్విరా గిన్నె వాసన చూసింది. ముక్కు మూసుకుని దాన్ని దూరంగా పెట్టేసింది. కడుపు మాడిన ఎలుకలకి గడ్డలు తక్కువే పుడతాయని ఆమెకి తెలియనిది కాదు. అయితే గడ్డల్ని ఆపింది నూనెనా, ఆకలా? ఇప్పుడామెకి తన ఫలితం మీదే అనుమానం వచ్చింది.

పరుగున ఇంటికొచ్చింది.

"అక్కా, తిన్నావా?"

"తిన్నానే. ప్లేటు కనబడట్లా?"

ప్లేటు తళతళలాడుతోంది. రోజూ అలాగే ఉండేది. అక్క చేతి గాజు మాత్రం మోచేతి దాకా జారుతోంది. ఎల్విరా చెత్తడబ్బా మూత తీసింది. పొద్దున తను చేసిపెట్టిన ఎంపనాడాలు, ఆ మాంసం కజ్జికాయలు, కొరకనైనా కొరక్కుండా అడుగున పడున్నాయి.

"ఆ నూనె తాగితే ఇంకేదీ సయించట్లేదే," అంది నెలిదా తల దించుకుని. "చెప్తే బాధపడతావని..."

ఎల్విరాకి ఏడుపొచ్చింది. నూనె సీసా సింకులో ఒంపేసింది. పొయ్యి మీద మిగిలిన ఒక్క ఎంపనాడా వేడిచేసి తెచ్చి, అక్క కొరికి, నమిలి, మింగేదాకా ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూసింది.