చేతికి తెలిసింది

నేను పాఠం చెప్పే కాలేజీలో తత్వశాస్త్రం కోర్సు తీసేశాక, నా ప్రశ్నలు ఇంకెవరికైనా పనికొస్తాయా అన్న బెంగ నన్ను వదల్లేదు. చివరిసారిగా అడిగి చూద్దామని ఆత్రేయపురంలో సత్యదుర్గగారి పాక దగ్గర ఆగాను. ఆవిడ పిండిలో ముంచిన గుడ్డను వేడి కుండమీద ఒక్క లాగు లాగి, పూతరేకు తీస్తున్నారు.

“రేకు ఎప్పుడు తియ్యాలో ఎలా తెలుస్తుందండీ?”

“చేతికి తెలిసిపోద్దండీ.”

“చేతికి తెలిస్తే మీకు తెలిసినట్టేనా?”

ఆవిడ ఆలోచనలో పడ్డారు. రేకు చిరిగింది. మళ్లీ లాగారు, మళ్లీ చిరిగింది.

“ఇరవయ్యేళ్లలో ఇలా అవ్వలేదండీ! ఆలోచిస్తే చెయ్యి మొరాయిస్తోంది!”

పక్క పొయ్యి దగ్గర తోడికోడలు భవాని పకపకా నవ్వింది. “అయితే అక్కా, ఇన్నాళ్లూ ఆలోచించకుండానే చేసేవన్నమాట!”

తనూ చేతినే చూస్తూ లాగింది. చిరిగింది! తెలిసేది చేతికా, మనసుకా అని ఇద్దరూ కేకలేసుకుంటూ వాదించుకున్నారు.

పని చెడగొట్టానని లేవబోయాను. సత్యదుర్గగారు చిరిగిన రేకులో నెయ్యి, బెల్లంపొడి వేసి నా చేతిలో పెట్టారు.

“ఎక్కడికండీ మాస్టారూ? ఆ ప్రశ్న మీకు ముందు మనసులోకొచ్చిందా, నోట్లోకొచ్చిందా? చెప్పి కదలండి.”

ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినా, నన్నెవరూ ఇలా ఎదురు ప్రశ్న వేయలేదు. ఉత్సాహంగా పీట లాక్కుని మళ్లీ కూర్చున్నాను.